ఏడడుగుల ఆలస్యం

"టేపు పెట్టి కొలిచాను అన్నయ్యా. సోఫా నుంచి సబ్ నాలుగే అడుగులు. రిసీవరేమో పదకొండు అడుగులని చూపిస్తోంది. తప్పు కదా అని నేనే దిద్దాను."

కూకట్‌పల్లిలో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్లో చెప్పిన మాటలివి. కొత్త ఫ్లాట్ హాల్లో 5.1 హోమ్ థియేటర్ పెట్టించుకున్నాడు. మొదటి వారం పాటలు బాగానే మోగాయట. ఒక ఆదివారం తీరిగ్గా సెట్టింగులన్నీ చూస్తుంటే ఆ పదకొండు అడుగులు కంటపడ్డాయి. నాలుగు చేసి పెట్టాడు. అప్పటి నుంచి సబ్‌వూఫర్ పెట్టె మీద చెయ్యి పెడితే అదురుతోంది గానీ, డ్రమ్ దెబ్బ మాత్రం సోఫా దాకా రావడం లేదు. వెనక వాల్యూమ్ నాబ్ సగం దాటించాడు. సినిమాలో పేలుళ్లకు కిటికీ అద్దాలు గలగలలాడాయి. పాటలో దెబ్బ రాలేదు. "సబ్ పోయిందంటావా? పెద్దది కొననా?" అని అడిగాడు.

అతని టేపు చెప్పింది నిజమే. రిసీవరు చెప్పిందీ నిజమే. టేపు దూరాన్ని కొలిచింది, రిసీవరు కాలాన్ని కొలిచి దాన్ని అడుగుల్లో చూపించింది. ఈ అధ్యాయమంతా ఆ రెండు కొలతల మధ్య మిగిలిన ఏడడుగుల గురించే.

ముందు సబ్ ఎందుకో చూద్దాం. లోతైన ధ్వని పుట్టాలంటే చాలా గాలిని కదపాలి. షెల్ఫులో పట్టే చిన్న స్పీకరు కోన్ అంత గాలిని కదపలేదు. అందుకని ధ్వనిని రెండుగా పంచుతారు. ఒక గీతకు పైన ఉన్నది మెయిన్ స్పీకర్లకు, కింద ఉన్నది సబ్‌కు. ఆ గీతే క్రాసోవర్. చాలా ఇళ్లలో అది 80 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. లూకాస్ ఫిలింలో టామ్లిన్సన్ హోల్మన్ రూపొందించిన టీహెచ్ఎక్స్ పద్ధతి ఇంటి థియేటర్లకు ఆ సంఖ్యనే ఖాయం చేసింది. 80 హెర్ట్జ్ ధ్వని అల ఒక్కోటి దాదాపు 14 అడుగుల పొడవు. మన రెండు చెవుల మధ్య జానెడు దూరం కూడా లేదు. అంత పొడవైన అల ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆ జానెడు ఎడంతో పసిగట్టడం చెవులకు కష్టం. అందుకే సబ్‌ను ఎక్కడ పెట్టినా ఫరవాలేదంటారు. చోటు విషయంలో ఆ మాట చాలావరకు నిజం. వేళ విషయంలో మాత్రం కాదు.

ఎందుకంటే క్రాసోవర్ గోడ కాదు, వాలు. 80 దగ్గర మెయిన్లు చటుక్కున నోరు మూసుకోవు, సబ్ చటుక్కున అందుకోదు. దాదాపు 60 నుంచి 110 హెర్ట్జ్ దాకా ఇద్దరూ ఒకే స్వరాన్ని ఒకేసారి పలుకుతుంటారు. సరిగ్గా 80 దగ్గర చెరిసగం. సంగీతంలో ఇది ఖాళీ ప్రదేశం కాదు. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి షడ్జమం సుమారు 130 హెర్ట్జ్. వెనక తంబురాలో మంద్రం తీగ దానికి ఒక స్థాయి కింద, 65 దగ్గర ఉంటుంది. ఆ తీగ మూల ధ్వని ఎక్కువగా సబ్‌లో, దాని పై స్వరాలు మెయిన్లలో మోగుతాయి. ఒకే తీగ రెండు పెట్టెల్లోంచి వస్తోందన్నమాట. ఆ రెండూ ఒకే వేళకు రాకపోతే తీగ తెగినట్టే.

ఇక ఫేజ్. ఈ మాట మన పల్లెల్లో అందరికీ తెలుసు. "త్రీఫేజ్ ఎప్పుడిస్తారు?" అని అడగని రైతు లేడు. మోటారుకు వచ్చే మూడు తీగల్లోనూ ఉండేది ఒకే కరెంటు, సెకనుకు 50 సార్లు ఊగేది. ఒక్కో ఊపుకు 20 మిల్లీసెకన్లు. తేడా అల్లా వేళలో. మొదటి తీగలో అల శిఖరానికి చేరిన ఆరున్నర మిల్లీసెకన్లు దాటాక రెండో తీగలో చేరుతుంది, మళ్లీ అంతే ఆలస్యంగా మూడో తీగలో. ఒక పూర్తి ఊపును వృత్తంలా 360 డిగ్రీలు అనుకుంటే ఒక్కో తీగ మరోదానికి 120 డిగ్రీలు వెనక. స్టార్టరు దగ్గర ఏ రెండు తీగలు తారుమారైనా మోటారు వెనక్కి తిరుగుతుంది. కరెంటు అదే, ఓల్టేజి అదే, తీగలూ అవే. వరస మారింది, నీళ్లు రాలేదు. ఫేజ్ అంటే అంత. ఎంత బలంగా ఊగుతోందని కాదు, ఊపులో ఇప్పుడు ఎక్కడుందని.

ధ్వనికీ అదే లెక్క. సబ్, మెయిన్ స్పీకరు రెండూ సమాన బలంతో 80 హెర్ట్జ్ పలుకుతున్నాయనుకోండి. సోఫా దగ్గర రెండు అలలూ ఒకేసారి ఉబ్బి ఒకేసారి తగ్గితే ఒక్కదాని కంటే 6 డెసిబెళ్లు ఎక్కువ వస్తుంది. 90 డిగ్రీల తేడా ఉంటే 3 డెసిబెళ్లే ఎక్కువ. 120 డిగ్రీలైతే రెండూ కలిసి ఒక్కదానితో సమానం. అంటే వేలు పోసి కొన్న సబ్ ఆ స్వరం దగ్గర ఉన్నా లేనట్టే. 120 దాటిందా, ఇద్దరు పలికినది ఒకరు పలికిన దానికంటే తక్కువ. 180 దగ్గర ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే ఇంకొకటి వెనక్కి లాగుతుంది. మిగిలేది నిశ్శబ్దం.

ఒకే రోట్లో ఇద్దరు వడ్లు దంచడం చూసినవాళ్లకు ఈ 180 డిగ్రీలు బాగా తెలిసినవే. ఒకరి రోకలి పైకి లేచినప్పుడు ఇంకొకరిది కింద పడుతుంది. వడ్లకు అదే కావాలి, దెబ్బకు దెబ్బ తోడవుతుంది. గాలికి అలా కుదరదు. గాలిలో ఒకరి పోటును ఇంకొకరి ఎత్తు చెరిపేస్తుంది. గాలికి కావలసింది ఉయ్యాల ఊపే పద్ధతి. ఉయ్యాల వెళ్లేటప్పుడే ఇద్దరూ కలిసి నెట్టాలి. ఒకరు వెళ్లేటప్పుడు, ఇంకొకరు వచ్చేటప్పుడు నెడితే ఇద్దరూ అలసిపోతారు, ఉయ్యాల ఆగిపోతుంది. మా తమ్ముడి సబ్ పెట్టె అదరడం, దెబ్బ రాకపోవడం సరిగ్గా అలాంటిదే.

కాలానికీ ఫేజ్‌కీ లెక్క సులువు. ఆలస్యాన్ని ఆ స్వరపు ఒక ఊపు కాలంతో భాగించి 360తో గుణించాలి. 80 హెర్ట్జ్‌కు ఒక ఊపు పన్నెండున్నర మిల్లీసెకన్లు. 5 మిల్లీసెకన్ల ఆలస్యం అక్కడ 144 డిగ్రీలు. అదే 5 మిల్లీసెకన్లు 40 హెర్ట్జ్ దగ్గర 72 డిగ్రీలే. ఆలస్యం ఒక్కటే, ఫేజ్ మాత్రం స్వరస్వరానికీ మారుతుంది. ఇది పట్టుబడితే మిగిలిందంతా దీని వెనకే వస్తుంది. ధ్వని మామూలు వేడిలో సెకనుకు 343 మీటర్లు పోతుంది, అడుగు దాటడానికి 0.9 మిల్లీసెకను పడుతుంది. అడుగుకు ఒక మిల్లీసెకను కంటే కొంచెం తక్కువ అని గుర్తుంచుకుంటే చాలు. మన మే నెల ఎండల్లో గాలి వేడెక్కి ధ్వని కాస్త వేగంగా పోతుంది, కానీ హాలంత దూరంలో ఆ తేడా లెక్కలోకి రాదు.

ఇప్పుడు పదకొండు అడుగుల సంగతి. తమ్ముడి హాల్లో ముందు స్పీకర్లు సోఫాకు పదడుగుల దూరం, సబ్ సోఫా పక్కనే నాలుగడుగులు. టేపు ప్రకారం సబ్ ధ్వని ముందే రావాలి. కానీ రిసీవరు మైకు పెట్టి టెస్టు చేసినప్పుడు టేపు చూడలేదు. ఒక శబ్దాన్ని పంపి అది మైకుకు చేరేదాకా ఎంతసేపు పట్టిందో చూసింది. ఆ శబ్దం తీగలోంచి బయటికొచ్చి నేరుగా గాలిలో పడలేదు. సబ్ పెట్టెలో సొంత ఆంప్లిఫయరు ఉంటుంది, అందులో ఫిల్టర్లుంటాయి, ఈ కాలపు సబ్‌లలో ఒక చిన్న డిజిటల్ ప్రాసెసర్ కూడా ఉంటుంది. వీటిలో ప్రతిదీ కొంత కాలం తింటుంది. లోతైన స్వరాలను వడకట్టే ఫిల్టరు కొంత ఆలస్యం చేయకుండా వడకట్టలేదు, అది ప్రకృతి నియమం. పెట్టెకు గాలి గొట్టం ఉన్న సబ్ అయితే ఆ గొట్టం శ్రుతి దగ్గర ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఇవన్నీ కలిపి ఆ పెట్టెలో 6 మిల్లీసెకన్లకు పైగా పట్టింది. రిసీవరుకు మిల్లీసెకన్లను అడుగులుగా చూపించడమే తెలుసు. నాలుగడుగుల గాలి, ఏడడుగుల పెట్టె. మొత్తం పదకొండు.

తమ్ముడు నాలుగని దిద్దగానే రిసీవరు నమ్మింది. సబ్ ఇంత దగ్గరుంటే దాని ధ్వని తొందరగా వచ్చేస్తుంది కదా అని సబ్‌ను ఆపి ఆపి పంపింది. అసలే లోపల ఆలస్యమయ్యేదానికి ఈ ఆలస్యం తోడైంది. మొత్తం మీద సబ్ ఏడడుగులు వెనకబడింది. ఏడడుగులంటే 6.2 మిల్లీసెకన్లు. 80 హెర్ట్జ్ దగ్గర అది 179 డిగ్రీలు. తనకు తెలియకుండానే బేస్‌ను చంపడానికి సరిగ్గా కావలసిన సంఖ్య పెట్టాడు. నాలుగు బదులు ఏడో ఎనిమిదో అని పెట్టి ఉంటే నష్టం సగం ఉండేది.

ఆ శనివారం వెళ్లాను. మొదట ఎడమ చానల్‌లో మాత్రమే 80 హెర్ట్జ్ టోన్ పెట్టాను. రిసీవరే దాన్ని ఎడమ స్పీకరుకూ సబ్‌కూ పంచుతుంది. సోఫాలో తల ఉండే ఎత్తులో స్టాండు మీద ఫోను, అందులో ధ్వని మీటరు. సబ్ ఆపి ఎడమ స్పీకరు ఒక్కటే మోగిస్తే 68. స్పీకరు తీగ తీసి సబ్ ఒక్కటే మోగిస్తే నాబ్ తగ్గిస్తూ దాన్నీ 68కి తెచ్చాను. రెండూ కలిపి పెట్టాను. 55. తమ్ముడు ఫోను చేతిలోకి తీసుకుని మరీ చూశాడు. రెండు స్పీకర్లు మోగుతున్నాయి, ఒక్కటి మోగినప్పటి కంటే 13 డెసిబెళ్లు తక్కువ. లేచి సోఫా చుట్టూ తిరిగాడు. కిచెన్ గుమ్మం దగ్గర ధ్వని గట్టిగా ఉంది. తిరిగి తన చోటుకొచ్చి కూర్చుంటే మాయం. రిసీవరులో సబ్ దూరం మళ్లీ పదకొండు చేశాను. 74. "ఇంతేనా?" అన్నాడు.

ఇంతే కాదు. అక్కడ ఒక పరీక్ష చేసి చూపించాను, అది మీకూ చెప్పాలి. దూరాన్ని తిరిగి నాలుగుకు మార్చి, సబ్ వెనక 0, 180 అని ఉండే స్విచ్‌ను 180కి నొక్కాను. మీటరు మళ్లీ 74 చూపించింది. అంటే ఏ దారిలో వెళ్లినా ఒకటేనా? కాదు. స్విచ్ చేసేది అలను తలకిందులు చేయడం, ఏ స్వరానికైనా సగం వృత్తం. 80 దగ్గర ఆలస్యం కూడా సగం వృత్తమే కాబట్టి రెండూ సరిపోయాయి. 60 దగ్గర అదే ఆలస్యం 134 డిగ్రీలు, 100 దగ్గర 224. స్విచ్ కలిపే 180తో అవి కుదరవు, అటూ ఇటూ దాదాపు నలభై అయిదు డిగ్రీలు మిగిలిపోతాయి. నిలకడగా మోగే స్వరంలో ఆ తేడా చెవికి అంతగా తెలియకపోవచ్చు. కానీ డ్రమ్ దెబ్బ నిలకడ స్వరం కాదు. దానికి ఒక మొదలుంది. మెయిన్ స్పీకరు కోన్ ముందుకు దూకి ఆరు మిల్లీసెకన్లు అయ్యాక సబ్ కోన్ వెనక్కి కదలడం మొదలుపెడుతుంది. ఫేజ్ కలిసింది, కాలం కలవలేదు. దీన్ని సర్దుకుపోవడం అంటాను గాని సరిచేయడం అనను.

కాలం కలవకపోతే ఏమవుతుందో మొదట గట్టిగా ఎదుర్కొన్నది హాలీవుడ్. 1930లలో ఎంజీఎం స్టూడియోలో ఎలినోర్ పావెల్ ట్యాప్ డాన్స్ రికార్డింగు వినిపిస్తుంటే ఒక్కో అడుగు చప్పుడు రెండుసార్లు వినబడింది. ఆనాటి థియేటరు స్పీకర్లలో లోతు స్వరాలకు పొడవైన హారను, పై స్వరాలకు పొట్టి హారను వేరువేరుగా ఉండేవి. పొడవైన దాని లోపలి దారి కొన్ని అడుగులు ఎక్కువ. బూటు మడమ కొట్టిన చప్పుడులో పై భాగం ముందు, కింది భాగం తర్వాత చెవికి చేరాయి. పాటల్లో, సంభాషణల్లో ఎవరికీ పట్టుబడని తప్పును నర్తకి పాదాలు పట్టించాయి. డగ్లస్ షియరర్ నాయకత్వంలోని సౌండ్ విభాగం, అందులో జాన్ హిలియర్డ్, రెండు హారన్ల దారులను సమానం చేసి కొత్త స్పీకరు కట్టారు. షియరర్ హారను అని పేరొచ్చిన ఆ వ్యవస్థకు 1936 సంవత్సరానికి అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది. మన రిసీవరులోని డిస్టెన్స్ మెనూ చేసేది అదే పని. వాళ్లు హారను జరిపారు, మనం సంఖ్య జరుపుతాం.

ఫేజ్ వైపు పని ఇంకో నలభై ఏళ్లకు జరిగింది. జర్మనీలో పుట్టి కాలిఫోర్నియాలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో పనిచేసిన జీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, తన సహోద్యోగి రస్ రైలీతో కలిసి క్రాసోవర్ ఫిల్టర్ల మీద పనిచేసి 1976లో ఒక వ్యాసం ప్రచురించాడు. అంతకు ముందు వాడుకలో ఉన్న ఫిల్టర్లలో చాలావాటికి రెండు స్పీకర్లు గీత దగ్గర ఒకే ఫేజ్‌లో ఉండేవి కావు. లింక్‌విట్జ్, రైలీ పద్ధతిలో గీత దగ్గర రెండూ 6 డెసిబెళ్ల చొప్పున తగ్గి, ఒకే ఫేజ్‌లో కలిసి, ఆ తగ్గినదాన్ని పూడ్చుకుంటాయి. స్థాయికి 24 డెసిబెళ్ల వాలున్న రకంలో ఈ పొందిక గీత దగ్గరే కాదు, అటూ ఇటూ అంతటా నిలుస్తుంది. ఇందులో ఒక అందమైన లెక్కుంది. గాలి గొట్టం లేని మూత పెట్టె స్పీకరు తనంతట తానే స్థాయికి 12 డెసిబెళ్ల చొప్పున కిందికి జారుతుంది. దానికి రిసీవరు మరో 12 కలిపితే 24. అంటే ఫిల్టరులో సగం పని పెట్టె చేస్తోంది. టీహెచ్ఎక్స్ 80 హెర్ట్జ్ పద్ధతి ఈ లెక్క మీద నిలబడింది. గొట్టమున్న స్పీకర్లను పెట్టుకున్నప్పుడు ఈ లెక్క తప్పుతుంది, కొలిచి చూసుకోవాలి.

అందుకే ఒక ముఖ్యమైన మాట. సబ్ వెనక కూడా క్రాసోవర్ నాబ్ ఒకటుంటుంది. రిసీవరు ఇప్పటికే వడకట్టి పంపిస్తుంటే ఈ నాబ్‌ను చివరిదాకా, అన్నిటికంటే పెద్ద సంఖ్యకు తిప్పేయాలి. ఎల్ఎఫ్ఈ అని గుర్తుంటే అక్కడ. రెండు చోట్లా 80 పెడితే రెండుసార్లు వడకట్టినట్టు, ఫేజ్ రెండుసార్లు తిరిగినట్టు. నేను చూసిన ఇళ్లలో ఎక్కువ తప్పులు ఇక్కడే. ఒకచోట సెట్ బిగించడానికి వచ్చిన మనిషే రెండూ 80కి పెట్టి "మ్యాచ్ చేశాను సార్" అని చెప్పి వెళ్లాడు.

కొన్ని సబ్‌లకు స్విచ్ బదులు 0 నుంచి 180 దాకా తిరిగే ఫేజ్ నాబ్ ఉంటుంది. దాని మీద రాసిన డిగ్రీలు అన్ని స్వరాలకూ నిజం కావు. లోపల ఉన్నది ఒక ఫిల్టరు, అది ఒక్కో స్వరాన్ని ఒక్కో రకంగా తిప్పుతుంది. దూరం మార్చే వీలున్న రిసీవరు మీ దగ్గర ఉంటే ఆ నాబ్‌ను 0 దగ్గర వదిలేయండి. స్టీరియో ఆంప్లిఫయరుకు సబ్ తగిలించుకుని, ఆలస్యం మార్చే దారే లేనివాళ్లకు ఆ నాబే దిక్కు. వాళ్లు సబ్‌ను వీలైనంత ముందు స్పీకర్ల దగ్గరకు జరిపి, తర్వాత నాబ్ తిప్పుకోవడం మేలు.

ఇక మీ ఇంట్లో పని. మొదట సబ్ చోటు తేల్చుకోండి, ఆ తర్వాతే వేళ. చోటు మారితే వేళ మళ్లీ మొదటికొస్తుంది. మా తమ్ముడి హాల్లో చేసినట్టే ఎడమ స్పీకరునూ సబ్‌నూ విడివిడిగా ఒకే మట్టానికి తెండి. స్పీకరు తీగ తీసేటప్పుడు, పెట్టేటప్పుడు రిసీవరు ఆపాలి. టోన్ మెల్లగా, మాట్లాడుకునేంత మట్టంలో చాలు. ఫోను మైకు లోతు స్వరాలను తక్కువగా చూపిస్తుంది, అయినా ఒకే స్వరాన్ని దానితోనే పోలుస్తున్నాం కాబట్టి నష్టం లేదు. ఇప్పుడు మీటరు అన్నిటికంటే ఎక్కువ చూపించే దూరం కోసం వెతకాలి అనిపిస్తుంది. అలా వెతకకండి. సబ్ స్విచ్ 180కి తిప్పి, మీటరు అన్నిటికంటే తక్కువ చూపించే దూరం వెతకండి. అది దొరికాక స్విచ్ మళ్లీ 0కి తెండి.

ఈ తిరకాసు ఎందుకో సంఖ్యలే చెబుతాయి. రెండు అలలు కలిసేచోట 20 డిగ్రీలు తప్పినా శిఖరం తగ్గేది డెసిబెల్‌లో ఎనిమిదో వంతు. ఫోను మీటరే కాదు, మంచి మీటరు కూడా దాన్ని పట్టడం కష్టం. అదే 20 డిగ్రీల తప్పుకు గొయ్యి ఎంత మారుతుందో చూడండి. సరిగ్గా కలిసినప్పుడు నిశ్శబ్దానికి దిగవలసింది, ఒక్క స్పీకరు కంటే 9 డెసిబెళ్ల కింద ఆగిపోతుంది. శిఖరం కొండ నెత్తిలా చదునుగా ఉంటుంది, గొయ్యి బావిలా నిటారుగా ఉంటుంది. కొండ మీద నడిమధ్య ఎక్కడో చెప్పలేం, బావి ఎక్కడో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. రిసీవరులో అడుగు చొప్పున జరుపుతూ, గొయ్యి దగ్గరకు వచ్చాక అర అడుగు చొప్పున జరపండి. ఈ పని చేస్తున్నప్పుడు చెవిలో ఆ స్వరం సన్నగిల్లి సన్నగిల్లి ఒకచోట ఆరిపోవడం, అర అడుగు దాటగానే మళ్లీ పుట్టడం వింటారు. ఇన్నేళ్లయినా ఆ క్షణం నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. పుస్తకంలో బొమ్మగా చూసిన వ్యతికరణం సోఫాలో కూర్చున్న మనిషి చెవిలో జరుగుతోంది.

ఒక ఉచ్చు ఉంది. 80 దగ్గర పన్నెండున్నర మిల్లీసెకన్ల ఆలస్యం అంటే పూర్తి వృత్తం, 360 డిగ్రీలు. అంటే సున్నాతో సమానం. సరైన దూరానికి 14 అడుగుల అవతల కూడా మీటరు అచ్చంగా అదే చూపిస్తుంది. కానీ అక్కడ సబ్ ఒక ఊపంతా ఆలస్యం. 60 దగ్గర, 100 దగ్గర 90 డిగ్రీలు తప్పి, మట్టం 2 డెసిబెళ్ల చొప్పున పడుతుంది. అందుకని 80 దగ్గర కుదిరాక 60తో, 100తో కూడా ఒకసారి చూడండి. రెండు జవాబులు దొరికితే రిసీవరు తానుగా కొలిచిన సంఖ్యకు దగ్గరున్నదే తీసుకోండి. కంప్యూటరు అలవాటున్నవాళ్లకు రూమ్ ఇక్యూ విజార్డ్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఒక కొలత మైకు కొనుక్కుంటే స్వరాలన్నిటినీ ఒకే గ్రాఫులో చూపిస్తుంది, ఎంత ఆలస్యం కావాలో కూడా లెక్కకట్టి చెబుతుంది. తర్వాత కుడి స్పీకరు, సెంటరు స్పీకరు కూడా చూడాలి. మూడూ ఒకే సంఖ్యకు కుదరకపోతే సినిమాలు ఎక్కువ చూసేవాళ్లు సెంటరుకు, పాటలు ఎక్కువ వినేవాళ్లు ఎడమ కుడి స్పీకర్లకు మొగ్గు చూపడం నా అలవాటు.

సబ్ వెనకబడితే దాన్ని ముందుకు తోయలేం, జరిగిన కాలాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. మిగతా స్పీకర్లను ఆపడమే దారి. రిసీవరు అదే చేస్తుంది. అప్పుడు పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుందేమోనని కొందరి భయం. సినిమాలో ఒక ఫ్రేమే దాదాపు 42 మిల్లీసెకన్లు ఉంటుంది. ఆరేడు మిల్లీసెకన్లు ఎవరి కంటికీ తెలియవు.

ఈ పద్ధతితో తీరనిది ఒకటుంది, అది గది. మన ఇళ్లు ఇటుక గోడలు, ఆర్‌సీసీ స్లాబు, నున్నటి టైల్సు. లోతు స్వరం అమెరికాలో చెక్క చట్రానికి కొట్టిన జిప్సం పలకల గోడలోంచి కొంత బయటికి జారిపోతుంది, మన గోడకు తగిలి దాదాపు మొత్తం తిరిగొస్తుంది. 14 అడుగుల హాలు పొడవులో 40 హెర్ట్జ్ దగ్గర అల తనను తానే ఎదుర్కొని నిలబడిపోతుంది. 12 అడుగుల వెడల్పుకు 47, 10 అడుగుల ఎత్తుకు 56. ఆ స్వరాలు గోడల దగ్గర ఉరుముతాయి, గది నడిమధ్య ఆరిపోతాయి. ఇది సబ్‌కూ గదికీ మధ్య వ్యవహారం, మెయిన్ స్పీకర్లకు సంబంధం లేదు. దూరం సంఖ్య ఎంత మార్చినా ఇది కదలదు. సోఫాను రెండడుగులు జరపడం, సబ్‌ను ఇంకో మూలకు మార్చడం, వీలైతే రెండో సబ్ పెట్టడం, అవే దీనికి మందులు. మీటరు 40 దగ్గర గొయ్యి చూపిస్తుంటే ఫేజ్‌తో గంటలు గంటలు కుస్తీ పట్టకండి.

"వేగమైన బేస్", "బిగువైన బేస్" అని దుకాణాల్లో వింటుంటాం. 80 హెర్ట్జ్ స్వరం ఒక్క ఊపు ఊగడానికే పన్నెండున్నర మిల్లీసెకన్లు కావాలి. అంతకంటే వేగంగా ఏ కోన్ కూడా దాన్ని పలకలేదు. చెవి వేగమనుకునేది, నా అనుభవంలో, రెండు విషయాలు. ఒకటి, క్రాసోవర్ దగ్గర గొయ్యి లేకపోవడం. రెండు, దెబ్బ అయ్యాక గది ఎక్కువసేపు గుంయ్యిమనకపోవడం. మొదటిది పైసా ఖర్చు లేకుండా మీ చేతిలో ఉంది. పెద్ద సబ్ కొనడం దానికి జవాబు కాదు. వేళ తప్పిన పెద్ద సబ్ ఇంకా గట్టిగా చెరిపేస్తుంది.

మా తమ్ముడు సబ్ కొనలేదు. సగం దాటించిన నాబ్‌ను నేను లెవెల్ కలిపినచోటే వదిలేశాడు, అది ముందు కంటే చాలా తక్కువ. కింది ఫ్లాటు వాళ్లు ఒకసారి వచ్చి "ఈ మధ్య మీ సిస్టమ్ వాడట్లేదా?" అని అడిగారట.

మీ ఇంట్లో కుదిరాక ఒక చీటీ మీద రాసి సబ్ వెనక అతికించండి: క్రాసోవర్ ఎంత, సబ్ దూరం ఎంత, స్విచ్ ఎటు, నాబ్ ఎక్కడ, సోఫా గోడకు ఎన్నడుగులు. రిసీవరు రీసెట్ అయినా, ఊడ్చేటప్పుడు స్విచ్‌కు చీపురు తగిలినా ఆ చీటీ పనికొస్తుంది. టేపుతో కొలిచిన దూరం మాత్రం దాని మీద రాయకండి.